సగం దారిలో ఇచ్చే పట్టా: అసోసియేట్ డిగ్రీ నుంచి మన పాలిటెక్నిక్ డిప్లొమా దాకా

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా టెన్త్ రాసి కూర్చున్నవాళ్ళకి, ఇంటర్ అయిపోయినవాళ్ళకి, డిప్లొమా చదువుతూ "నాది తక్కువ చదువేమో" అనుకునేవాళ్ళకి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళకి కూడా వినిపించండి.

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. నాయుడుపేట కానీ, గూడూరు కానీ, శ్రీకాళహస్తి కానీ, మన వైపు ఏ ఊళ్ళో అయినా ఇంటర్ చదివే కాలేజీ బోర్డు చూడండి. "జూనియర్ కళాశాల" అని ఉంటుంది. అమెరికాలో కూడా జూనియర్ కాలేజీలు ఉన్నాయి. అక్కడ రెండేళ్ళు చదివితే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. మన దగ్గర రెండేళ్ళు చదివితే ఇంటర్ సర్టిఫికెట్ ఇస్తారు. పేరు ఒకటే, ఏళ్ళు కూడా రెండే. మరి అక్కడ డిగ్రీ ఎందుకైంది, ఇక్కడ ఎందుకు కాలేదు?

దీనికి జవాబు కావాలంటే 150 ఏళ్ళ చరిత్ర తిరగేయాలి. ఆ చరిత్ర తెలిస్తే, ఏ కోర్సులో చేరాలి అనే మీ ఈరోజు ప్రశ్నకి కూడా సగం జవాబు దొరికినట్టే.

షికాగోలో ఏం జరిగింది

1890లలో షికాగో యూనివర్సిటీకి విలియం రైనీ హార్పర్ అనే ఆయన అధ్యక్షుడు. నాలుగేళ్ళ డిగ్రీని ఆయన మధ్యలో రెండు ముక్కలు చేశారు. మొదటి రెండేళ్ళకి జూనియర్ కాలేజీ, తర్వాతి రెండేళ్ళకి సీనియర్ కాలేజీ అని పేరు పెట్టారు. మొదటి సగం పూర్తి చేసినవాళ్ళకి కూడా ఒక పట్టా ఉండాలన్నారు. అలా 1900 ప్రాంతంలో అక్కడ "అసోసియేట్" పట్టా మొదలైంది.

ఆయన ఆలోచన సూటిగా ఉంటుంది. నాలుగేళ్ళు చదవలేనివాడు రెండేళ్ళ తర్వాత ఆగిపోతే వాడిని "ఫెయిల్ అయ్యాడు" అనకూడదు. చేతిలో ఒక కాగితం పెట్టి గౌరవంగా పంపాలి. కొనసాగాలనుకున్నవాడు ఆ రెండేళ్ళని వదులుకోకుండా మూడో ఏడాదిలోకి వెళ్ళాలి.

1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ ఊళ్ళో, ఒక హైస్కూలుకి అనుబంధంగా, ఆరుగురు విద్యార్థులతో ఇలాంటి కాలేజీ మొదలైంది. అదే జోలియెట్ జూనియర్ కాలేజీ. ఇప్పటికీ నడుస్తోంది. అమెరికాలో ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ అదే పెద్దక్క. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947లో ప్రెసిడెంట్ ట్రూమన్ వేసిన కమిషన్ ఊరూరా ఇలాంటి కాలేజీలు కావాలని చెప్పడంతో "కమ్యూనిటీ కాలేజీ" అనే పేరు బాగా పాకింది.

అది మన దగ్గర అప్పటికే ఉంది

ఇప్పుడు అసలు విషయం. హార్పర్ షికాగోలో ఈ ప్రయోగం చేసేనాటికే మద్రాసు ప్రెసిడెన్సీలో దాదాపు ఇలాంటిదే నడుస్తోంది. మన తాతల ముత్తాతల జీవిత చరిత్రల్లో "ఎఫ్.ఏ. చదివారు" అనే మాట చూసే ఉంటారు. ఆ ఎఫ్.ఏ. ఇదే.

మద్రాసు యూనివర్సిటీ 1857లో పుట్టింది. మెట్రిక్యులేషన్ పాసైనవాడు రెండేళ్ళు చదివి ఎఫ్.ఏ. పరీక్ష రాయాలి. ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు చదివితే బి.ఏ. కాలేజీలు కూడా రెండు రకాలు. బి.ఏ. దాకా చెప్పేది ఫస్ట్ గ్రేడ్ కాలేజీ. ఎఫ్.ఏ. దాకా మాత్రమే చెప్పేది సెకండ్ గ్రేడ్ కాలేజీ. రాజమండ్రి కాలేజీ 1873లో సెకండ్ గ్రేడ్ అయి, 1877లో ఫస్ట్ గ్రేడ్‌కి ఎదిగింది. చిన్న ఊళ్ళో సెకండ్ గ్రేడ్ కాలేజీ ఉంటే, కుర్రాడు పదహారేళ్ళకే మద్రాసు వెళ్ళి గది అద్దె కట్టక్కర్లేదు. ఇంటికి దగ్గర్లో సగం చదువు ముగించి, మిగతా సగానికి పెద్ద ఊరు వెళ్ళొచ్చు. అమెరికాలో ఇప్పుడు "టూ ప్లస్ టూ" అంటున్నది ఇదే లెక్క.

ఈ మెట్టు ఎలా పనిచేసిందో చూడాలంటే గురజాడ అప్పారావు గారిని చూడండి. విజయనగరంలో 1882లో మెట్రిక్, 1884లో ఎఫ్.ఏ. ఆ ఏడాదే హైస్కూల్లో టీచర్ ఉద్యోగం, 25 రూపాయల జీతం. 1886లో బి.ఏ. అంటే సగం దారిలో దొరికిన పట్టాతో సంపాదన మొదలైంది, పై చదువూ ఆగలేదు.

ఇంకో ఉదాహరణ మన తిరుపతి వైపే ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1896 నుంచి 1900 దాకా తిరుపతిలో లూథరన్ మిషన్ స్కూల్లో చదివారు. తర్వాత వేలూరులోని ఊర్హీస్ కాలేజీ. అది అమెరికా నుంచి వచ్చిన ఆర్కాట్ మిషన్ వాళ్ళది. అక్కడ ఎఫ్.ఏ. చేసి, 1904 ప్రాంతంలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి మారారు. డబ్బున్న ఇల్లు కాదు, చదువంతా స్కాలర్‌షిప్పుల మీదే సాగింది. తిరుత్తణి నుంచి బయల్దేరి, తిరుపతి, వేలూరు మీదుగా, మెట్టు మెట్టుగా మద్రాసు చేరారు. ఆ తర్వాత ఆయన ఎక్కడిదాకా వెళ్ళారో చెప్పక్కర్లేదు.

మధ్యలో ఆ రెండేళ్ళ మెట్టు లేకపోయి ఉంటే? నేరుగా నాలుగేళ్ళు మద్రాసులో ఉండి చదవగలిగినవాళ్ళే పైకి వెళ్ళేవాళ్ళు.

మరి ఆ మెట్టు ఏమైంది

1910 ప్రాంతంలో ఎఫ్.ఏ. పేరు పోయి "ఇంటర్మీడియట్" వచ్చింది. ఇంటర్మీడియట్ అంటే మధ్యలోది అని అర్థం. మెట్రిక్‌కీ బి.ఏ.కీ మధ్యలోది. అప్పట్లో అది యూనివర్సిటీ పరీక్షే.

స్వాతంత్ర్యం వచ్చాక 1948-49లో యూనివర్సిటీ విద్య మీద ఒక కమిషన్ వేశారు. దానికి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? రాధాకృష్ణన్ గారే. యూనివర్సిటీలో అడుగుపెట్టే ముందు 12 ఏళ్ళ చదువు ఉండాలని ఆ కమిషన్ చెప్పింది. దాంతోపాటు ఇంకో మాట కూడా అంది: పది పన్నెండేళ్ళ చదువు తర్వాత పిల్లలు రకరకాల వృత్తుల వైపు మళ్ళేలా వృత్తి సంస్థలు పెద్ద సంఖ్యలో తెరవాలి అని.

1950ల చివర్లో పాత ఇంటర్ పోయి ఒక ఏడాది పి.యు.సి., మూడేళ్ళ డిగ్రీ వచ్చాయి. మళ్ళీ 1969-70లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండేళ్ళ ఇంటర్ తెచ్చింది. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు పెట్టింది. దేశంలో అందరికంటే ముందు టెన్ ప్లస్ టూ ప్లస్ త్రీ పద్ధతికి వెళ్ళింది మనమే.

ఇక్కడే మన ప్రశ్నకి జవాబు ఉంది. ఇంటర్ యూనివర్సిటీ చేతిలోంచి బోర్డు చేతికి వచ్చింది. అది చదువులో 11, 12 సంవత్సరాలైంది. అమెరికా జూనియర్ కాలేజీ మాత్రం 13, 14 సంవత్సరాల దగ్గరే ఉండిపోయింది. అందుకే ఇంటర్ పాసైన మనవాడు అమెరికా వెళితే వాడిది హైస్కూల్ చదువు కింద లెక్క. అక్కడి జూనియర్ కాలేజీ పాసైనవాడిది సగం డిగ్రీ కింద లెక్క. బోర్డు మీద పేరు చూసి రెండూ ఒకటే అనుకోకూడదు.

మెట్టు విరగ్గొడితే ఏమవుతుందో డాక్టర్లని అడగండి

సగం దారి పట్టాలన్నీ గురజాడ గారి ఎఫ్.ఏ.లా దారి చూపించలేదు. బ్రిటిష్ కాలంలో ఎల్.ఎం.పి. డాక్టర్లు ఉండేవాళ్ళు. మెడికల్ కాలేజీలో కాకుండా మెడికల్ స్కూల్లో చదివి, డిగ్రీ బదులు లైసెన్స్ తీసుకునేవాళ్ళు. పల్లెల్లో, తాలూకా ఆసుపత్రుల్లో ప్రజలకి దొరికిన డాక్టరు చాలాసార్లు ఈయనే.

కానీ పైన ఉన్నవాళ్ళు వీళ్ళని తమతో సమానంగా చూడలేదు. 1933లో వచ్చిన ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం డిగ్రీ ఉన్నవాళ్ళనే లెక్కలోకి తీసుకుని లైసెన్షియేట్లని బయట ఉంచింది. 1946లో భోర్ కమిటీ రిపోర్టు వచ్చేనాటికి దేశంలో ఉన్న సుమారు 47,000 మంది డాక్టర్లలో మూడింట రెండొంతులకి దగ్గరగా ఈ లైసెన్షియేట్లే! ఆ కమిటీయే ఇకమీదట ఒకే రకం డాక్టరు ఉండాలని చెప్పింది. మెడికల్ స్కూళ్ళు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, లేదా కాలేజీలయ్యాయి. పాతవాళ్ళలో కొందరు "కండెన్స్‌డ్ ఎం.బి.బి.ఎస్." అనే చిన్న కోర్సు చదివి డిగ్రీ తెచ్చుకోగలిగారు. మిగతావాళ్ళు జీవితాంతం ఎల్.ఎం.పి.గానే ఉండిపోయారు.

కోర్సు చెత్తదని కాదు. వైద్యం చేశారు, జనం బతికారు. కానీ ఆ పట్టా నుంచి పైకి వెళ్ళే దారి సరిగ్గా లేదు. ఇదే ఈ ఎపిసోడ్‌లో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మాట: సగం దారిలో ఇచ్చే పట్టా విలువ దాని పేరులో ఉండదు, అక్కడి నుంచి పైకి మెట్టు ఉందా లేదా అన్నదాంట్లో ఉంటుంది.

ఓవర్సీరు నుంచి డిప్లొమా ఇంజినీరు దాకా

ఇప్పుడు మనకి బాగా దగ్గరైన కథ. మద్రాసులో 1794లో ఎనిమిది మంది కుర్రాళ్ళతో ఒక సర్వే స్కూలు పెట్టారు. కంపెనీ ప్రభుత్వానికి భూములు కొలిచేవాళ్ళు కావాలి, అందుకని. అదే పెరిగి పెద్దదై గిండీ ఇంజినీరింగ్ కాలేజీ అయ్యింది. అప్పటి పబ్లిక్ వర్క్స్ శాఖలో పైన ఇంజినీరు, కింద ఓవర్సీరు, సబ్ ఓవర్సీరు. కాలవలు, చెరువు తూములు, రోడ్ల దగ్గర ఎండలో నిలబడి పని చేయించింది ఓవర్సీర్లే. మన పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ "ఓవర్సీరు గారు" అంటారు చూడండి, ఆ మాట అక్కడిది.

తర్వాత పాలిటెక్నిక్‌లు వచ్చాయి. కాకినాడలో ఆంధ్రా పాలిటెక్నిక్ 1946లో మొదలైంది. ఎల్.సి.ఇ., ఎల్.ఎం.ఇ., ఎల్.ఇ.ఇ. అని మూడక్షరాల చదువులు. ఈ "ఎల్" కూడా ఎల్.ఎం.పి.లో ఉన్న "ఎల్" లాంటిదే, లైసెన్షియేట్. మరి వీళ్ళకి కూడా డాక్టర్ల గతే పట్టిందా?

కొన్నాళ్ళు దాదాపు అలాగే ఉంది. డిప్లొమాతో ఉద్యోగంలో చేరినవాడు ప్రమోషన్ కోసం ఎదురుచూడాల్సిందే. చదువు పెంచుకోవాలంటే ఎక్కువమందికి ఉన్న దారి ఎ.ఎం.ఐ.ఇ. పగలు ఉద్యోగం, రాత్రి చదువు, సెక్షన్ ఎ, సెక్షన్ బి అని పరీక్షలు. 1920లో పుట్టిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ ఈ పరీక్షలు పెట్టేది. అది పాసైతే ఇంజినీరింగ్ డిగ్రీతో సమానంగా చూసేవాళ్ళు. పాసయ్యేసరికి కొందరికి పిల్లలు స్కూలుకి కూడా వెళ్ళేవాళ్ళు! 2013 తర్వాత కొత్తగా చేరేవాళ్ళ విషయంలో ఆ గుర్తింపుకి బ్రేక్ పడింది.

కానీ అప్పటికే ఇంకో మెట్టు గట్టిగా నిలబడింది. అదే ఈసెట్. మూడేళ్ళ డిప్లొమా చేసి ఈసెట్‌లో ర్యాంకు తెచ్చుకుంటే నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో సీటు.

ఒక్క నిమిషం వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. టెన్త్ తర్వాత ఇంటర్ రెండేళ్ళు, బి.టెక్. నాలుగేళ్ళు: మొత్తం 16 ఏళ్ళ చదువు. టెన్త్ తర్వాత డిప్లొమా మూడేళ్ళు, బి.టెక్. మూడేళ్ళు: ఇదీ 16. అమెరికాలో హైస్కూల్ దాకా 12, అసోసియేట్ రెండు, ఆపైన రెండు: అదీ 16. ఎక్కడా ఒక్క ఏడాది నష్టం లేదు. తేడా ఎక్కడంటే, మధ్యలో ఇంటి పరిస్థితి అడ్డం తిరిగి చదువు ఆపాల్సి వస్తే, ఇంటర్ దగ్గర ఆగినవాడి చేతిలో ఏముంది, డిప్లొమా దగ్గర ఆగినవాడి చేతిలో ఏముంది అన్నదే.

నాయుడుపేట నుంచి చూస్తే

నాయుడుపేట స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చెన్నై, కోల్‌కతా హైవే ఊరి మీదుగానే పోతుంది, తిరుపతి వైపు రోడ్డు ఇక్కడే చీలుతుంది. పక్కన మేనకూరులో సెజ్, కింద తడ దగ్గర శ్రీసిటీ. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. ఇలాంటి చోట లైన్ మీద, మెయింటెనెన్స్‌లో, క్వాలిటీలో ఎక్కువగా అవసరమయ్యేది డిప్లొమా స్థాయి మనుషులే.

సూళ్ళూరుపేట దాటితే శ్రీహరికోట. రాకెట్ ఎగిరేది చూడటానికి మనం మిద్దెలెక్కుతాం కదా, ఆ ఇస్రోలో టెక్నికల్ అసిస్టెంట్ పోస్టుకి అడిగేది ఇంజినీరింగ్ డిప్లొమాయే, ఫస్ట్ క్లాస్‌లో పాసై ఉండాలి. రైల్వేలో జూనియర్ ఇంజినీరుకీ డిప్లొమా చాలు. 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు ఇంజినీరింగ్ అసిస్టెంట్ పోస్టులకి కూడా డిప్లొమావాళ్ళు అర్హులే.

గూడూరులో ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉందని ఎంతమందికి తెలుసు? అభ్రకం గనులు, సిలికా ఇసుక ఉన్న ప్రాంతం కాబట్టి అక్కడ ఆ చదువు పెట్టారు. నేల కింద ఏముందో చూసి చదువు పెట్టడం అంటే అదే. తిరుపతిలో ఎస్.వి. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. అమ్మాయిలకి టి.టి.డి. వాళ్ళ శ్రీ పద్మావతి మహిళా పాలిటెక్నిక్ ఉంది.

ఇంజినీరింగే అక్కర్లేదు. నర్సింగ్‌లో జి.ఎన్.ఎం. మూడేళ్ళ డిప్లొమా. దాని పైన పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ రెండేళ్ళు. చూశారా, ఇక్కడా మెట్టు ఉంది. అమెరికాలో అసోసియేట్ డిగ్రీ చేసిన నర్సు కూడా రిజిస్టర్డ్ నర్సు పరీక్ష రాయొచ్చు, ఉద్యోగం చేస్తూ బ్యాచిలర్స్ చేసుకోవచ్చు.

డిగ్రీ చదివేవాళ్ళకి ఒక కొత్త సంగతి. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం డిగ్రీలో ఏడాదికి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్ళకి ఆగితే డిప్లొమా. చదివిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంకులో ఏడేళ్ళ దాకా దాచుకోవచ్చు. ఒకరకంగా మన పాత ఎఫ్.ఏ. వేరే వేషంలో తిరిగొచ్చింది.

అమెరికా అసోసియేట్ డిగ్రీ మనకి పనికొస్తుందా

అక్కడే పుట్టి పెరిగిన, లేదా అమ్మానాన్నలతో అక్కడ స్థిరపడిన తెలుగు పిల్లలకి బాగా పనికొస్తుంది. కాలిఫోర్నియాలో డి ఆంజా, టెక్సస్‌లో కాలిన్, న్యూజెర్సీలో మిడిల్‌సెక్స్ లాంటి కాలేజీలు మనవాళ్ళు ఎక్కువగా ఉండే చోటే ఉన్నాయి. ఇంట్లో ఉంటూ తక్కువ ఫీజుతో రెండేళ్ళు చదివి, క్రెడిట్లు పట్టుకుని పెద్ద యూనివర్సిటీకి మారతారు.

ఇక్కడి నుంచి వెళ్ళాలనుకునేవాళ్ళు మాత్రం జాగ్రత్త. ఎవరైనా మీ దగ్గరికొచ్చి "రెండేళ్ళలో అమెరికా డిగ్రీ" అంటే, ఆ డిగ్రీ బ్యాచిలర్స్‌లో సగం అని తెలుసుకోండి. హెచ్-1బి వీసాకి మామూలుగా బ్యాచిలర్స్ లేదా దానితో సమానమైన అర్హత కావాలి. ఇక్కడికి తిరిగొచ్చినా డిగ్రీ అడిగే ఉద్యోగానికి అది సరిపోదు. అసోసియేట్‌లో మళ్ళీ రకాలున్నాయి. అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్, అసోసియేట్ ఆఫ్ సైన్స్ అనేవి పై చదువుకి మారడానికి. అప్లయిడ్ సైన్స్ అనేది నేరుగా ఉద్యోగానికి, దాని క్రెడిట్లన్నీ తర్వాత చెల్లకపోవచ్చు. పొలం అమ్మి ఫీజు కట్టేముందు ఈ ఒక్క తేడా అడిగి తెలుసుకోండి.

చేరేముందు మూడు ప్రశ్నలు

చరిత్ర నుంచి మనం తీసుకోవాల్సింది మూడు ప్రశ్నలు. అమెరికా కోర్సయినా, గూడూరు కోర్సయినా అడగండి.

ఒకటి, ఇక్కడితో ఆగిపోతే ఈ కాగితం చూసి ఎవరు పనిస్తారు? పేర్లతో చెప్పమనండి.

రెండు, ఇక్కడి నుంచి పైకి వెళితే ఏ చదువులో, ఎన్నో ఏడాదిలో చేర్చుకుంటారు? చదివిన ఏళ్ళు లెక్కలోకి వస్తాయా, మళ్ళీ మొదటినుంచా?

మూడు, ఆ మెట్టు ఎవరి చేతిలో ఉంది? ప్రభుత్వ నిబంధనలో రాసి ఉందా, ఏజెంటు నోటిమాటలో మాత్రమే ఉందా?

డిప్లొమాలో ఇబ్బందులు లేవని నేను చెప్పను. ఈసెట్ ద్వారా రెండో ఏడాదిలోకి వెళ్ళినవాళ్ళకి లెక్కల్లో కొన్ని నెలలు చుక్కలు కనిపిస్తాయి. మంచి కాలేజీలో సీటు కావాలంటే ర్యాంకు కావాలి. పెళ్ళిలోనో పండక్కో ఎవరో ఒకరు "డిప్లొమానా? ఇంటర్‌లో సీటు రాలేదా?" అని అడుగుతారు. వాళ్ళకి చెప్పండి: రాధాకృష్ణన్ గారు కూడా నేరుగా మద్రాసులో దిగలేదు, వేలూరులో ఆగి వెళ్ళారు అని.

ఆగడం తప్పు కాదు. ఆగిన చోట నుంచి ముందుకి దారి ఉందో లేదో చూసుకోకపోవడమే తప్పు. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో, పై మెట్టు గురించి ఏ డౌట్ ఉందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.